సైకిలు యాత్రికుని లాగు

హైదరాబాదు నగరమునకు ఉత్తరదిక్కున మేడ్చలు, శామీర్‌పేట అను రెండు ఊళ్లు గలవు. ఒకప్పుడు ఇవి పొలముల నడుమ నున్న చిన్న ఊళ్లు. నేడు నగరము పెరిగి వీటి ముంగిటికి వచ్చినది. 2016వ సంవత్సరమున కొత్త జిల్లాలు ఏర్పడినపుడు మేడ్చలు పేరుతో ఒక జిల్లాయే ఏర్పడినది. మేడ్చలు మీదుగా 44వ నంబరు జాతీయరహదారి తూప్రాను, రామాయంపేట, కామారెడ్డి ఊళ్లకు సాగిపోవును. శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి సిద్దిపేటకును, అచటినుండి కరీంనగరమునకును పోవును. ఈ రెండు ఊళ్లను తాకుచు 158 కిలోమీటర్ల ఔటరు రింగు రోడ్డు నగరమును వలయమువలె చుట్టి యున్నది. ఆ పెద్ద రోడ్డుపైకి సైకిళ్లను, మోటారు సైకిళ్లను రానీయరు. దాని ప్రక్కన సాగు సర్వీసు రోడ్డుపై మాత్రము సైకిళ్లు పోవచ్చును.

సెలవుదినములలో తెల్లవారుజామున ఈ దారులయందు సైకిలు తొక్కువారు కనబడుచుందురు. కొందరు శామీర్‌పేట చెరువుగట్టు వరకు వచ్చి, సూర్యోదయము చూచి, ఇడ్లీ తిని మరలిపోవుదురు. మరికొందరు కారియరుపై సంచులు కట్టుకొని సిద్దిపేట దిక్కుగా పయనింతురు. హైదరాబాదునుండి కరీంనగరము సుమారు 160 కిలోమీటర్లు. అలవాటుపడిన పెద్దలు ఒక దినమున చేరుదురు. విద్యార్థులకు రెండు దినములైనను పట్టును.

ఇట్లు యాత్రకు బయలుదేరువారు ముందుగా టైర్లు చూచుకొందురు, బ్రేకులు చూచుకొందురు, గాలిపంపును పంక్చరు సామానును సంచిలో పెట్టుకొందురు. నీళ్ల సీసా మరువరు. కాని కట్టుకొన్న లాగునుగూర్చి ఆలోచించువారు అరుదు. పంక్చరైన చక్రమును అరగంటలో బాగుచేసికొనవచ్చును. ఒరసుకొని పుండైన చర్మము అరగంటలో మానదు, ఒక్కొక్కప్పుడు వారము దినములకును మానదు. అట్టివాడు సీటుపై కూర్చుండలేడు. కూర్చుండనివానికి సైకిలు నడచుటలేదు. కాబట్టి అతని యాత్ర అచటనే ముగియును. తిరుగు బస్సు దొరికినచో అదృష్టమే. ఈ బాధ మరుగుచోట కలుగునది యగుటచే బాలురును బాలికలును ఎవ్వరితోను చెప్పుకొనరు. ఆ సిగ్గువలననే చిన్న మంట పెద్ద గడ్డగా మారుట పెక్కుమారులు జరుగుచుండును.

అసలు ఈ బాధ ఎట్లు కలుగును? మనుష్యుడు సీటుపై కూర్చున్నపుడు పిరుదుల అడుగున నున్న రెండు ఎముకలపై శరీరభారము నిలుచును. పైన ఎముక, క్రింద సీటు, నడుమ చర్మము. చర్మమునకు తప్పించుకొను దారి లేదు. భారముమాత్రమే యైనచో అది ఓర్చుకొనగలదు. కాని కాళ్లు ఊరకుండవు. నిమిషమునకు 70 సార్లు పెడలు త్రిప్పువాడు గంటకు 4,200 సార్లు త్రిప్పును, ఐదు గంటలలో 21,000 సార్లు. అన్ని సార్లును తొడ లోపలివైపు సీటు అంచునకు రాసుకొనుచునే యుండును. పైగా అచట చెమట పోయును, గాలి చొరదు. తడిసిన చర్మము మెత్తబడును; మెత్తబడిన చర్మము రాపిడికి త్వరగా లోబడును. చాలసేపు నీళ్లలో నానిన వ్రేళ్ల చర్మము ఎట్లు ముడుతపడునో అందరు ఎరుగుదురు. లాగు లోపల జరుగునదియు ఇంచుమించు అదియే.

సామాన్యమైన నిక్కరు ఈ పనికి అంతగా తగదు. దాని నాలుగు ముక్కలును కలియు చోట లావైన కుట్టు ఉండును. ఆ కుట్టు సరిగా భారము నిలుచు తావునకే వచ్చును. నూలుగుడ్డ చెమటను పీల్చుకొనును గాని త్వరగా విడువదు. రెండు గంటలు తొక్కునప్పటికి అది తడిగోనెవలె అంటుకొని యుండును. ఇంటినుండి బడికి పోయి వచ్చుటకు ఇది అడ్డుకాదు. యాభై కిలోమీటర్లు దాటినప్పుడు మాత్రము తేడా తెలియును.

అందుచే దూరప్రయాణములు చేయువారు ప్రత్యేకమైన సైకిలు లాగును ధరింతురు. దుకాణములలో దీనిని సైక్లింగు షార్ట్సు అందురు. ఇది మోకాలికి పైన నిలుచును, ఒంటికి అతుకుకొని యుండును, లోపల కూర్చుండు చోట ఒక మెత్త కుట్టబడి యుండును. పూర్వము ఐరోపాలో పందెగాండ్రు ఉన్నితో అల్లిన లాగులు ధరించి, అందు షామీ తోలు ముక్కను కుట్టించుకొనెడివారు. షామీ యనునది ఆల్ప్స్ పర్వతములయందు తిరుగు మేకవంటి జంతువు. దాని తోలు మిక్కిలి మృదువు. అయినను ఉతికి ఆరవేయగానే ఆ తోలు అప్పడమువలె గట్టిపడెడిది. మరల ధరించుటకు ముందు ఏదో ఒక కొవ్వు రాచి దానిని మెత్తపరచుకొనవలసి వచ్చెడిది. నేటి మెత్తలలో తోలు లేదు. స్పంజివంటి పదార్థముపై నునుపైన కృత్రిమవస్త్రము అతికింతురు. అయినను వాటికి షామీ యనియే పేరు నిలిచిపోయినది, నేడు చర్మమునకు పూసికొను లేపనమునకును షామీ క్రీము అనియే పేరు.

ఇక సాగు గుడ్డ సంగతి. 1958లో అమెరికాలోని డ్యూపాంటు కంపెనీయందు జోసెఫ్ షివర్స్ అను రసాయనశాస్త్రవేత్త స్పాండెక్సు అను నూలును కనుగొనెను. ఇది తన పొడవునకు దాదాపు ఐదు రెట్లు సాగి, విడిచినంతనే యథాస్థితికి వచ్చును. లైక్రా యనునది దీని వ్యాపారనామము. నైలానుతోనో పాలియెస్టరుతోనో దీనిని కొంచెము కలిపి నేసిన గుడ్డ ముడుతపడక చర్మముతోపాటు కదలును. గుడ్డ చర్మముతో కదలినచో ఆ రెంటి నడుమ రాపిడి పుట్టదు. సైకిలు లాగు రహస్యమంతయు ఇంతియే. కావున దీని లోపల వేరొక లోదుస్తు ధరింపరాదు. కొత్తవారు చేయు మొదటి తప్పు ఇదియే. లోదుస్తు వేసికొన్నచో దాని కుట్లును ముడుతలును మెత్తకును చర్మమునకును నడుమ చేరి, ఖర్చుపెట్టి కొన్న మెత్తను వ్యర్థము చేయును.

కొనునప్పుడు నిలుచుండి చూచుకొనుట చాలదు; సైకిలుపై కూర్చున్నట్లు ముందునకు వంగి చూచుకొనవలెను. అప్పుడు మెత్త ముడుత పడకుండ ఎముకల క్రిందికి వచ్చినచో అది సరియైన కొలత. ఆ రెండు ఎముకల నడిమి దూరము స్త్రీలకు సాధారణముగా కొంత ఎక్కువ. కావున వారి లాగులలో మెత్త ఆకారము వేరుగా నుండును. అన్నకు కొన్నది చెల్లెలికి చాలునని సరిపెట్టుట తగదు. కొందరు రంగులు చూచి కొందురు. రంగు చర్మమునకు తెలియదు. కొత్త లాగును యాత్రనాడే మొదటిసారి తొడుగుట మంచిది కాదు. ముందుగా చెరువు వరకు రెండు మూడు మారులు తొడిగి చూచుకొనవలెను.

శుభ్రత మాటకు వచ్చినచో, ముందుగా చెమట సంగతి తెలిసికొనవలెను. చెమటకు తనంతట వాసన యుండదు. చర్మముపై నివసించు సూక్ష్మజీవులు దానిని ఆహారముగా గొని విరుగగొట్టినప్పుడు వాసన పుట్టును. వెచ్చదనము, తడి, చీకటి ఈ మూడును లాగు లోపల సమృద్ధిగా దొరకుటచే అవి అచట వేగముగా పెరుగును. చర్మము చెక్కుచెదరక యున్నంతకాలము అవి పెద్దగా హాని చేయజాలవు. రాపిడివలన పైపొర లేచినచో, లేదా వెండ్రుక కుదురు తెరుచుకొన్నచో, స్టెఫిలోకాకస్ వంటి సూక్ష్మజీవి లోనికి చొచ్చి ఎఱ్ఱని మొటిమను, తరువాత చీముగడ్డను పుట్టించును. చెమట ఆరిపోయిన తరువాత మిగులు ఉప్పుకూడ సన్నని ఇసుకవలె చర్మమును గీరును. నిన్నటి లాగును ఉతుకకుండ నేడు మరల తొడుగువాడు ఉప్పును సూక్ష్మజీవులను ఒక్కమారే తొడుగుచున్నాడు.

కావున సాయంకాలము బసకు చేరినంతనే చేయవలసిన మొదటి పని లాగు విడుచుట. టీ త్రాగుట, ఫోటోలు చూచుకొనుట, ఇంటికి ఫోను చేయుట అటుతరువాత. ఇది చెప్పుటకు సులభము గాని, అలసి వచ్చినవాడు గోడకు చేరగిలి కూర్చున్నచో గంటవరకు లేవడు. ఆ గంటయే చెడుపు చేయును. స్నానము చేసి, గజ్జలను తొడలను పొడిగుడ్డతో అద్దుకొని, లుంగీయో వదులైన నూలుబట్టయో కట్టుకొన్నచో చర్మమునకు గాలి తగులును.

పిదప ఉతుకుట. లాగును లోపలివైపు బయటికి వచ్చునట్లు త్రిప్పవలెను. ఏలయన మురికి యంతయు లోపలి మెత్తలోనే యుండును. ఒక బకెట్టు చల్లని నీటిలో కొంచెము సబ్బుపొడి కరగించి, పావుగంట నానబెట్టి, మెత్తను రెండు అరచేతులతో నొక్కుచు విడుచుచు ఉతుకవలెను. మన ఊళ్లలో బట్టలను బండపై బాదుట వాడుక. ధోవతులకు, దుప్పట్లకు అది తగినదే. సైకిలు లాగును మాత్రము బాదరాదు, గట్టి బ్రష్షుతో తోమరాదు, పిండునపుడు మెలివేయరాదు. బాదినచో స్పాండెక్సు నూలు తెగును, మెత్త ఉండలు కట్టును. మరిగిన నీరు, బ్లీచింగు పొడి, ఇస్త్రీపెట్టె ఈ మూడును దానికి శత్రువులే. బట్టలు మెత్తబడుటకై చివర వేయు సువాసన ద్రవము కూడ పనికిరాదు. అది నూలుపై జిడ్డుపొర కట్టి చెమటను పీల్చుగుణమును పోగొట్టును.

మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతమున మరియొక చిక్కు గలదు. ఇచటి నేల గ్రానైటు రాతినేల. బోరుబావుల నీరు పెక్కుచోట్ల కఠినజలము. అట్టి నీటిలో సబ్బుబిళ్ల చక్కగా నురగ కట్టదు. నీటిలోని కాల్షియము, మెగ్నీషియము లవణములతో కలిసి తెల్లని మడ్డిగా విరిగిపోవును. ఆ మడ్డి మెత్త లోపల చిక్కుకొని, మరునాడు చెమటకు తడిసి మంట పుట్టించును. బాగుగా ఉతికితిననుకొన్నవానికి దురద ఎందులకు పుట్టినదో అంతుపట్టదు. సబ్బుపొడి కఠినజలములోను కొంత మేలుగా పనిచేయును. మన అమ్మమ్మలు ఎరిగిన కుంకుడుకాయ మరింత మేలు. అందలి సాపోనిను అను పదార్థము నురగనిచ్చి, నూలును చెఱపకుండ మురికిని విడిపించును. పట్టుచీరలను కుంకుడురసముతో ఉతుకు వాడుక అందువలననే వచ్చినది. నాలుగు కాయలు కొట్టి గింజలు తీసి, వేడినీట నానబెట్టి, పిసికి, పిప్పి మిగులకుండ పలుచని గుడ్డతో వడియగట్టి, చల్లారిన పిదప వాడవలెను. పిప్పి మెత్తలో మిగిలినచో అదియే ముల్లువలె గుచ్చుకొనును. ఏది వాడినను, నీటిలో నురగ కనబడనంతవరకు జాడించుట ముఖ్యము. ఉతుకుటకు ఒక బకెట్టు, జాడించుటకు రెండు బకెట్లు అని లెక్క పెట్టుకొన్నచో పొరపాటు రాదు.

చెరువు కనబడినదిగదా యని శామీర్‌పేట చెరువులో లాగు ముంచి ఉతుకుట రెండు విధముల తప్పు. నిలువనీటిలో ఏమేమి కలిసి యున్నవో కంటికి కనబడదు. చర్మమునకు అతుకు బట్టను అందు ముంచరాదు. సబ్బునీరు చెరువులో కలియుట చేపలకును, నీటిపక్షులకును మేలుకాదు. గట్టున కూర్చుండి చెరువును చూచుటయే మంచిది.

ఆరవేయుటయందు ఒక ఉపాయము గలదు. నీరోడ్చిన లాగును పొడి తువ్వాలుపై పరచి, రెంటిని కలిపి చాపవలె చుట్టి, ఆ చుట్టపై మోకాళ్లతో అదిమిపట్టవలెను. తువ్వాలు సగము నీటిని పీల్చుకొనును. తరువాత మెత్త బయటికి ఉండునట్లు దండెముపై వేయవలెను. యాత్రికులు పలుచని నైలాను త్రాడు వెంట తీసికొనిపోయి, సత్రములోనైనను బడి వరండాలోనైనను దండెము కట్టుకొందురు. మార్గశిర పుష్యమాసములలో తెలంగాణమున గాలి పొడిగా నుండుటచే రాత్రి గడచునప్పటికి లాగు ఆరిపోవును. శ్రావణ భాద్రపదములలో అట్లు కాదు. ఫ్యాను క్రింద వేసినను తెల్లవారునప్పటికి మెత్త నడుమ తడి మిగిలి యుండును. పైగుడ్డను తాకి మోసపోరాదు. మెత్తను చెక్కిలికి ఆనించి చూచినచో చల్లదనము తెలియును. చల్లగా నున్నచో అది ఆరనట్లే. ఆ ఉదయము దానిని సంచిపైన పిన్నులతో బిగించి, దారిలో గాలికి ఆరనిచ్చి, వేరొకటి తొడుగవలెను. ఎండలో వేయుట మంచిదే గాని, దినమంతయు వేసవియెండలో వదలినచో సాగుగుణము పోవును. గంటసేపు ఎండ తగిలిన పిదప నీడకు మార్చవలెను.

ఇందువలన తేలినదేమనగా, రెండు దినములకు మించిన యాత్రకు రెండు లాగులు తప్పవు, వర్షకాలమున మూడు ఉన్నచో నిశ్చింత. ఫ్రాన్సు దేశమున పుట్టిన బ్రెవే అను దూరప్రయాణములు నేడు హైదరాబాదునుండియు జరుగుచున్నవి. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలో, 600 కిలోమీటర్లను 40 గంటలలో ముగింపవలెనని వాటి నియమము. 40 గంటల ప్రయాణమున ఉతికి ఆరవేయుటకు తావెక్కడ? అందుచే అనుభవముగలవారు దారిలో ఒకచోట ఆగి, ఒళ్లు తుడుచుకొని, ఉతికిన లాగు మార్చుకొందురు. సంచిలో అదనపు అన్నము లేకున్నను దారిలో హోటలు దొరకును; అదనపు లాగు దొరకదు.

తొక్కునపుడు పాటింపదగిన సంగతులును కొన్ని గలవు. సీటు మరీ ఎత్తుగా నున్నచో పెడలు అందుకొనుటకై నడుము ఇటునటు ఊగును. ఆ ఊపే రాపిడికి మూలము. పెడలు అడుగునకు పోయినపుడు మోకాలు కొంచెము వంగి యుండవలెను. పది పదిహేను నిమిషములకు ఒకసారి పెడళ్లపై లేచి నిలిచి అరనిమిషము తొక్కినచో అదిమిపడిన చర్మమునకు రక్తము మరల ప్రసరించును. వానకాలమున వెనుకచక్రమునకు మడ్‌గార్డు లేనిచో రోడ్డుపైని బురదనీరు నేరుగా లాగుపైకి చిమ్మును. లారీలు తిరుగు ఈ రహదారుల బురదలో సన్నని ఇసుక యుండును. ఆ ఇసుక సీటునకును లాగునకును నడుమ ఆకురాయివలె పనిచేయును. అందమునకై మడ్‌గార్డు తీసివేయించుకొను బాలురకు ఈ సంగతి ఎవరైనను చెప్పవలెను.

చర్మము ఎఱ్ఱబడి మండుచున్నచో ఆ దినము తొక్కుట మాని, కడిగి, పొడిగా నుంచినచో సాధారణముగా తగ్గిపోవును. గడ్డ కట్టి నొప్పిచేసినను, చీము పట్టినను, జ్వరము తగిలినను వైద్యునికి చూపవలెను. గడ్డను గోటితో గిల్లుట ప్రమాదకరము. వలయములుగా లేచి దురదపెట్టునది తామర. అది బూజుజాతి జీవివలన కలుగును, బట్టలద్వారా ఒకరినుండి మరియొకరికి అంటుకొనును. కావున ఎంత మిత్రుడైనను లాగును, తువ్వాలును మార్చుకొనరాదు. తామర విషయమున మన దేశమున ఇటీవల ఒక పెద్ద కీడు ప్రబలినది. మందుల దుకాణమునకు పోయి దురద యని చెప్పి తెచ్చుకొను పూతమందులలో స్టెరాయిడు కలిసినవి పెక్కులు గలవు. వాటిని రాచినచో రెండు దినములలో దురద తగ్గును, ఎఱ్ఱదనము మాయమగును, రోగి సంతోషించును. కాని స్టెరాయిడు శరీరపు ఎదిరింపును మందగింపజేయుటచే లోపల బూజు నిరాటంకముగా ప్రాకును. మందు మానగానే వలయము రెండింతలై కనబడును. చర్మము పలుచబడి చారలు పడును. అట్టి తామర మొండిదై నెలల తరబడి మందులకు లొంగదు. ఈ దురుపయోగమును అరికట్టుటకై 2018లో కేంద్రప్రభుత్వము కొన్ని స్టెరాయిడు పూతమందులను వైద్యుని చీటి లేక అమ్మరాదని నియమము చేసినది. అయినను పొరుగింటివారు ఇచ్చిన ట్యూబును రాచుకొనువారు నేటికిని ఉన్నారు. తల్లితోగాని, తండ్రితోగాని, ఉపాధ్యాయునితోగాని ముందే చెప్పిన బాలుడు వారము దినములలో బాగుపడును. దాచిపెట్టి తనంతట తాను మందు తెచ్చుకొన్నవాడు ఏడాది బాధపడిన సందర్భములు వైద్యులకు క్రొత్త కాదు.

మెత్తగల లాగు కొనలేని విద్యార్థి యాత్ర మానుకొననక్కరలేదు. సాగు హోజరీ గుడ్డతో చేసి, తొడల నడుమ లావైన కుట్టు లేకుండ దర్జీచే కుట్టించుకొన్న లాగు చాలవరకు పనిచేయును. దినమునకు నలభై కిలోమీటర్లకు మించక, మధ్యాహ్నము ఒకసారి మార్చుకొనుచు, రాత్రి ఉతికి ఆరవేసికొను బాలుడు దానితోనే మేడ్చలునుండి కామారెడ్డికి హాయిగా పోగలడు. ఖరీదైన లాగును ఉతుకనివాడు మాత్రము తూప్రాను దాటుట కష్టము.

ఎంత జాగ్రత్తగా వాడినను సైకిలు లాగు శాశ్వతము కాదు. గుడ్డను రెండు చేతులతో లాగి విడిచినపుడు మరల బిగియనిచో, మెత్తను నొక్కినపుడు వ్రేలికి వ్రేలు తగిలినట్లు తోచినచో, దాని పని తీరినదని గ్రహింపవలెను. దానిని తమ్మునికి ఇచ్చుట దానముక్రింద రాదు. మెత్తను కత్తిరించి పారవేసినచో మిగిలిన గుడ్డ సైకిలు గొలుసు తుడుచుటకు మిక్కిలి బాగుగా పనికివచ్చును.